కూలి ఒక్కటే చాలునా? – పనిచోట మానవ సంబంధములు

ఒకే చట్టము, ఒకే జీతపు పట్టిక, ఒకే విధమైన యంత్రములు గల రెండు పనిచోట్లలో ఒకచోట పని సాఫీగా సాగుటయు, వేరొకచోట చీటికిమాటికి నిలిచిపోవుటయు మనము చూచుచునే ఉన్నాము. ఈ భేదము ఎందువలన కలుగుచున్నది? అసలు మనిషి దేనికొరకు పనిచేయును? ఇది పెద్ద కర్మాగారములు నడుపువారికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. బడిలోని ప్రధానోపాధ్యాయుడు, బ్యాంకులోని మేనేజరు, నాట్లకు కూలీలను పిలుచుకొన్న రైతు, ఇట్లు నలుగురిచేత పని చేయించు ప్రతివారికిని ఇది ఎదురగును. ఆ నలుగురిలో ఒకరై పనిచేయువారికి ఇంకను దగ్గరగా ఎదురగును.

గత నూరేండ్లలో పలువురు పండితులు దీనికి పలు సమాధానములు చెప్పిరి. వానిని పుస్తకములలో ఉన్నవి ఉన్నట్లు అప్పగించుట మా ఉద్దేశము కాదు. ఉత్తర తెలంగాణమున, పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో, గోదావరికి ఇరుగట్ల బొగ్గుగనులు కలవు. 2016లో జిల్లాలను విభజించిన పిమ్మట అవి పెద్దపల్లి, మంచిర్యాల, కొమురంభీము ఆసిఫాబాదు జిల్లాల క్రిందికి వచ్చినవి. మూడు తరములుగా వేలాది కుటుంబములకు అన్నము పెట్టిన ఆ గనుల అనుభవముపై ఈ సిద్ధాంతములను గీటురాయిపై బంగారమువలె గీచి చూచుట మా ప్రయత్నము.

సింగరేణి కథ ఇల్లెందు దాపున మొదలయినది. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టరు కింగ్ అచట బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము ఆరంభమయ్యెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు స్థిరపడెను. 1945లో హైదరాబాదు రాజ్యము దాని వాటాలలో అధిక భాగమును కొని సంస్థను తన చేతిలోనికి తీసికొనెను. 1920వ దశకపు చివర బెల్లంపల్లి, 1960 ప్రాంతమున రామగుండము, గోదావరిఖని బొగ్గు ఊళ్లయినవి. వానను, పొద్దును చూచి పనిచేసిన పల్లె కుటుంబములు మస్టరు, షిఫ్టు, సైరను అను కొత్త కాలమానమునకు అలవాటుపడవలసి వచ్చెను.

ఆ కొత్త లోకమున మనిషిచేత పని చేయించుటకు తోచిన మొదటి ఉపాయము కూలి. ఈ ఉపాయమును శాస్త్రముగా చేయబూనినవాడు అమెరికా దేశీయుడగు ఫ్రెడరిక్ టేలర్. ప్రతి పనిని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క కదలికను గడియారముతో కొలిచి, ఉత్తమమగు పద్ధతిని నిర్ణయించి, ఆ ప్రకారము చేసినవానికి హెచ్చు కూలి ఇచ్చినచో యజమానికిని కార్మికునికిని లాభమే కలుగునని ఆయన 1911లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. 1899లో బెత్లహాము ఉక్కు కర్మాగారమున ఇనుప దిమ్మెలను బండ్లకెత్తు పనిలో ఒక మనిషి రోజుకు పన్నెండున్నర టన్నులు ఎత్తుచుండగా, తన పద్ధతిచే దానిని నలుబదియేడు టన్నులకు పెంచితినని ఆయన వ్రాసెను. కూలి మాత్రము 1 డాలరు 15 సెంట్లనుండి 1 డాలరు 85 సెంట్లకు పెరిగెను. పని నాలుగింతలకు చేరువ కాగా, కూలి రెండింతలైనను కాలేదు. ఈ లెక్కను కార్మికులును చదువగలరను సంగతిని టేలరు అంతగా తలచినట్లు కానరాదు.

బొగ్గుబాయి అని ఇక్కడివారు పిలుచు గనిలోను ఇట్టి లెక్కయే చిరకాలము నడచినది. తట్ట, చెమ్మసు చేతబట్టి బొగ్గునెత్తు ఫిల్లరుకు టబ్బుల లెక్కన కూలి కట్టుట ఆచారము. ఇందులో న్యాయము లేకపోలేదు. కష్టపడినవానికి కష్టపడినంత దక్కవలెను. కడుపు నిండనివానికి గౌరవమును గూర్చి ఉపన్యసించుట హాస్యాస్పదము. కాని టబ్బు లెక్కలోనికి రాని పని గనిలో చాల కలదు. పైకప్పును తట్టి ధ్వనిని వినవలెను. అది బోలుగా మ్రోగినచో ప్రక్కవానిని హెచ్చరింపవలెను. దన్నుగా దుంగ నిలుపువరకు ఆగవలెను. కొత్తగా దిగిన కుర్రవానికి అడుగు వేయు చోటు చూపవలెను. వీనిలో ఏదియు టబ్బును నింపదు. అయినను ఇవి లేనిచో టబ్బును నింపు మనిషి మిగులడు. కావున, కొలవగలిగినదానికి మాత్రమే వెలకట్టు పద్ధతి, కొలవరాని మంచిని మెల్లగా కరగించివేయును. టేలరు సిద్ధాంతమునకు గనిలో తగిలిన మొదటి దెబ్బ ఇది.

రెండవ దెబ్బ అమెరికాలోనే తగిలినది. చికాగో దాపున హాథోర్న్ అను చోట టెలిఫోను పరికరములు చేయు పెద్ద కర్మాగారము ఉండెను. దీపపు వెలుతురు పెంచినచో పని పెరుగునా అని 1924లో అచట పరీక్ష మొదలుపెట్టిరి. వెలుతురునకును పనికిని తిన్నని సంబంధము కానరాలేదు. 1927లో రిలేలు కూర్చు ఐదుగురు యువతులను వేరు గదిలో ఉంచి, విరామములను, పనిగంటలను మార్చుచు చూచిరి. మార్పు ఏదైనను పని మొత్తముమీద పెరుగుచునే వచ్చెను. 1928 మొదలు రెండేండ్లలో ఇరువదియొక వేలమందికి పైగా కార్మికులను కూర్చుండబెట్టి వారి మాట వినిరి. ఎల్టన్ మేయో మొదలగు పండితులు ఈ పరీక్షల సారమును లోకమునకు చాటిరి. మనిషి ఒంటరిగా కూలిని లెక్కించుకొను యంత్రము కాడు. అతడు ఒక జట్టులోనివాడు. తన మాటను ఎవరైనను వినుచున్నారా, తన్ను మనిషిగా ఎంచుచున్నారా అనునది అతని చేతి వేగమును సయితము మార్చును.

అదే కర్మాగారమున 1931-32లో పదునలుగురు పురుషుల జట్టును పరిశీలింపగా మరియొక వింత బయటపడెను. రోజుకు ఇంత పని చాలునని వారు తమలో తామే ఒక హద్దు పెట్టుకొనిరి. దానిని మించి చేసినవాని జబ్బపై ఒక గుద్దు గుద్ది సరిదిద్దుచుండిరి. హెచ్చు కూలి ఆశ ఆ గుద్దు ముందు నిలువలేదు. పని పెంచినచో రేపు రేటు తగ్గింతురేమో, కొందరిని తొలగింతురేమో అను భయము దాని వెనుక ఉండెను. నమ్మకము లేనిచోట జట్టు యజమానికి ఎదురుగా గోడ కట్టును. నమ్మకము ఉన్నచోట ఆ జట్టే పనికి వెన్నెముక అగును.

హాథోర్న్ పరీక్షలను తరువాతివారు గట్టిగా విమర్శించిరి. ఆ ఐదుగురిలో మాటలు ఎక్కువయినవని ఇద్దరిని మధ్యలో మార్చిరి. కూలి కట్టు పద్ధతియు మారెను. కావున తీపిమాట ఒక్కటే పనిని పెంచెననుట సరికాదు. ఈ హెచ్చరిక అవసరము. మానవ సంబంధములు అను పేరు చెప్పి, జీతము పెంచకుండ భుజము తట్టి పంపుట నేర్చుకొన్న యజమాన్యములును లోకమున కలవు. కార్మికుడు ఆ తేడాను ఒక్క నెలలో కనిపెట్టును.

ఇక మా గనులకు మిక్కిలి దగ్గరయిన పరిశోధనను చెప్పెదము. అది ఇంగ్లండు బొగ్గుగనులలోనే జరిగినది. ఎరిక్ ట్రిస్టు అను పండితుడును, కెన్ బామ్‌ఫోర్తు అను పూర్వపు గని కార్మికుడును కలిసి 1951లో దానిని ప్రకటించిరి. పూర్వము అచటి గనులలో ఇద్దరు ముగ్గురు చిన్న జట్టుగా ఒకచోట బొగ్గు కొట్టి, ఎత్తి, కప్పుకు దన్ను నిలుపుచుండిరి. పని అంతయు వారిదే, బాధ్యతయు వారిదే. తోడు ఎవరో వారే ఎన్నుకొనుచుండిరి. చీకటిలో ఒకరి ప్రాణమునకు ఒకరు కావలి. పిమ్మట లాంగ్‌వాల్ పద్ధతి వచ్చెను. రెండు వందల గజముల పొడవున బొగ్గు గోడ తెగుచుండగా నలుబది యేబదిమంది మూడు షిఫ్టులలో పని పంచుకొనిరి. ఒక షిఫ్టు కోయును, ఒకటి సరంజామా జరుపును, ఒకటి ఎత్తును. ఒక్కొక్కనికి ఒక్క ముక్క పని, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క కూలి. మొదటి షిఫ్టు చేసిన లోపము మూడవ షిఫ్టు నెత్తిన పడును. కాని ఆ రెండు షిఫ్టులవారు ఒకరి ముఖము ఒకరు చూడరు. యంత్రము మెరుగయ్యెను, పని మాత్రము ఆశించినంత పెరుగలేదు. గైరుహాజరీ, తగవు, మనసులో కుంగుబాటు పెరిగెను.

అయితే యంత్రమును తీసివేయవలెనా? అక్కరలేదని డర్హాము ప్రాంతపు గనులు చూపినవి. అచట కొందరు అదే యంత్రముతో పనిచేయుచునే జట్టును తిరిగి కూర్చుకొనిరి. మూడు షిఫ్టులవారు ఒకే జట్టు. కూలి అందరికిని ఉమ్మడి. ఎవరు ఏ పని చేయవలెనో వారే సర్దుకొందురు. ముందు షిఫ్టు మిగిల్చిన పనిని వెనుక షిఫ్టు అందుకొనును. పాత ఏర్పాటున్న చోట రావలసిన బొగ్గులో నూటికి డెబ్బది యెనిమిది వంతులు రాగా, ఈ ఏర్పాటున్న చోట తొంబదియైదు వంతులు వచ్చెను. జబ్బు, దెబ్బలు, గైరుహాజరీ కలిపి పోయిన షిఫ్టులు నూటికి ఇరువదినుండి ఎనిమిదికి దిగెను. యంత్రము ఒక్కటే, భూమి ఒక్కటే. మారినది మనుష్యులను కూర్చిన తీరు మాత్రమే. 1953లో అహ్మదాబాదు బట్టల మిల్లులో కెన్నెత్ రైస్ అను పండితుడు ఇట్టి ఏర్పాటును సూచింపగా, మగ్గములపై పనిచేయువారే ముందుకు వచ్చి చిన్న జట్లుగా ఏర్పడిరి. కావున ఇది తెల్లవారి దేశమునకే చెల్లునను వాదము నిలువదు.

గోదావరిఖని 7వ గనిలో లాంగ్‌వాల్ యంత్రములు 1983లో దిగెను. 2014లో అడ్రియాల గనిలో అంతకంటె ఎంతో బలమైనవి ఏర్పడెను. ఇవి ఆ నాటి ఇంగ్లండు యంత్రములవంటివి కావు. తట్టయు చెమ్మసును క్రమముగా వెనుకబడినవి, ఫిల్లరు ఆపరేటరు అయ్యెను. అయినను యంత్రముతోబాటు దిగు ప్రశ్న పాతదే. దానిని నడుపువాడు, బాగుచేయువాడు, కప్పును చూచువాడు, ముందు షిఫ్టువాడు, వెనుక షిఫ్టువాడు ఒక జట్టా, లేక ఒకరిపై ఒకరు నెపము నెట్టు ఐదు గుంపులా?

గనిలో ఈ ప్రశ్నకు వెల టన్నులలో మాత్రమే లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి పదునేడుగురు మరణించిరి. గని చట్టపు నియమములు ప్రతి పెద్ద గనిలో కార్మికులతో కూడిన రక్షణ సంఘము ఉండవలెనని చెప్పుచున్నవి. కార్మికుల తరఫున గనిని పరీక్షించు ఇన్‌స్పెక్టరు ఉండవలెననియు చెప్పుచున్నవి. ఇది దయతో చేసిన మర్యాద కాదు. కప్పు పగులును, గోడ చెమ్మను మొదట చూచునది పైఆఫీసు కాదు, క్రింద ఉన్న కన్ను. ఆ కంటికి కనబడినది సర్దారుకు, ఓవర్‌మనుకు, మేనేజరుకు జంకులేక చేరవలెను. చెప్పినవాడు తిట్లు తినునను భయమున్న చోట వార్త పైకి రాదు. వార్త రానిచోట ఆపద వచ్చును. మానవ సంబంధముల శాస్త్రమంతయు గనిలో ఈ ఒక్క మాటకు దిగివచ్చును.

ఇప్పుడు సమ్మెల ముచ్చటకు వత్తము. 1990వ దశకపు ఆరంభమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండిరి. ఆ దినములలో సంవత్సరమునకు వందల సంఖ్యలో సమ్మెలు జరిగెను. వానిలో పెక్కు సంస్థ అంతటను జరిగిన పెద్ద సమ్మెలు కావు. ఒక గనిలో, ఒక షిఫ్టులో, ఒక మస్టరు విషయమునో, ఒక బదిలీనో, ఒక అధికారి మాటనో పట్టుకొని నిలిచిపోయినవి. సంఘములు అనేకము. ఎవరితో మాటలాడిన తగవు తీరునో తెలియదు. నష్టములు పేరుకొని సంస్థ 1990వ దశకమున రెండు పర్యాయములు ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు పోవలసి వచ్చెను.

డగ్లస్ మెక్‌గ్రెగర్ అను పండితుడు 1960లో ఒక చక్కని మాట చెప్పెను. పైవారి మనసులో మనిషిని గూర్చి రెండు నమ్మకములలో ఒకటి ఉండును. మనిషి సోమరి, వెంటబడి చేయింపవలెననునది మొదటిది. దానికి ఆయన ఎక్స్ అని పేరు పెట్టెను. అవకాశమిచ్చినచో బాధ్యతను తానే నెత్తికెత్తుకొనుననునది రెండవది. దాని పేరు వై. చిత్రమేమనగా, ఏ నమ్మకముతో మెలగిన ఆ నమ్మకమే నిజమైనట్లు కనబడును. వెంటబడినచో మనిషి తప్పించుకొన జూచును. తప్పించుకొనుట చూచి ఇంకను వెంటబడుదుము. చిన్న చిన్న సమ్మెల పరంపర ఇట్టి చక్రమే.

ఆ చక్రమును ఆపుటకు సింగరేణిలో జరిగిన వానిలో రెండింటిని ముఖ్యముగా చెప్పవలెను. మొదటిది, 1998లో రహస్య ఓటు ద్వారా గుర్తింపు సంఘమును కార్మికులే ఎన్నుకొనుట. అప్పటినుండి 2023 డిసెంబరు వరకు ఇట్టి ఎన్నికలు ఏడు మారులు జరిగినవి. ఎవరి మాట కార్మికుల మాటయో గొంతు బలముచే గాక ఓటు లెక్కచే తేలుట ప్రారంభమయ్యెను. రెండవది, లాభములలో వాటా. 1999-2000 సంవత్సరపు లాభములలో నూటికి పది వంతులు కార్మికులకు పంచుటతో అది మొదలయ్యెను. 2023-24 సంవత్సరమునకు అది నూటికి ముప్పదిమూడు వంతులకు చేరెను. సంస్థ తేరుకొనుటకు ఇవి మాత్రమే కారణములని మేము చెప్పము. ఓపెన్‌కాస్టు గనుల బొగ్గు, ప్రభుత్వము చేసిన ఆర్థిక సర్దుబాటు సయితము కారణములే. కార్మికుల సంఖ్య సగముకంటె తగ్గుటయు ఆ మార్పులోని భాగమే. ఆ బరువును మోసిన కుటుంబములు గలవు. అయినను ఒక సంగతి స్పష్టము. మాట వినుటకు దారియు, ఫలములో భాగమును కలిసి వచ్చినప్పుడే చీటికిమాటికి పని ఆపు అలవాటు సడలినది.

అబ్రహాము మాస్లో అను మనోవిజ్ఞాని 1943లో మనిషి అవసరములను మెట్లుగా వర్ణించెను. అన్నము, భద్రత, నలుగురిలో చోటు, గౌరవము, తన శక్తి పూర్తిగా వికసించుట. కాగజ్‌నగరువారికి ఈ మెట్లు పుస్తకములో చదువనక్కరలేదు. కాగితపు మిల్లువలన పేరు పొందిన ఆ ఊరిలో 2014లో మిల్లు మూతపడెను. 2018లో చేతులు మారి తిరిగి తెరచుకొనెను. ఆ నడుమ నాలుగేండ్లు ఊరు ఊరే క్రింది మెట్టుకు జారినది. రేపు పని ఉండునో లేదో తెలియనివానికి మెచ్చుకోలు పత్రము ఇచ్చి ఏమి లాభము? అయితే క్రింది మెట్టు గట్టిపడినంత మాత్రమున పై మెట్టు తానుగా ఎక్కబడదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చూపినది ఇదియే. జీతము, వసతి, నియమములు సరిగా లేనిచో మనిషి అసంతృప్తి పడును. సరిగా ఉన్నచో ఆ సణుగుడు ఆగును. మనసు పెట్టి చేయించునది మాత్రము చేసిన పనియొక్క విలువ, దానికి దక్కిన గుర్తింపు, చేతికందిన బాధ్యత.

ఇంకొక పరీక్ష నేడు గనులయెదుట నిలిచియున్నది. ఒకే గేటులోనుండి పర్మనెంటు కార్మికుడును కాంట్రాక్టు కార్మికుడును లోనికి పోవుచున్నారు. దుమ్ము ఒక్కటే, జీతము వేరు. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేసిరి. 2024లో మొదటిసారిగా వారికిని లాభముల సందర్భమున ఒక్కొక్కరికి ఐదువేల రూపాయలు ప్రకటించిరి. స్టేసీ ఆడమ్స్ అను పండితుడు 1960వ దశకమున చెప్పిన సూత్రము ఇచట అన్వయించును. మనిషి తన కూలిని కూలిగా మాత్రమే చూడడు. ప్రక్కవాని కష్టమును, ప్రక్కవాని కూలిని చూచి తూచును. త్రాసు ఒరిగినచో మనసు విరుగును. జట్టును గూర్చి ఎంత చెప్పినను, ఆ జట్టులో సగముమంది గడప ఇవతలనే ఉన్నచో అది జట్టు కాజాలదు.

పనివాడును యజమానియు ఒక్కడే అయినచో ఏమగును? పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరు దీనికి సమాధానము చూపుచున్నది. ఇప్పుడా ఊరు హనుమకొండ జిల్లాలో ఉన్నది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వమున అచటి రైతులు సహకార సంఘమును స్థాపించిరి. అప్పు, విత్తనము, ఎరువు, ధాన్యపు అమ్మకము అన్నియు సంఘము ద్వారానే సాగుచున్నవి. 2000లో ఆ ప్రాంతపు స్త్రీలు తమ పాల సంఘమును తామే ఏర్పరచుకొనిరి. సంఘము చెడినచో తన ధాన్యమే మిగులదని సభ్యునికి తెలియును. కావున అతడు లెక్క అడుగును, బాకీ తీర్చును, సభకు వచ్చును. అచట ప్రేరణను వెలుపలినుండి కల్పింపనక్కరలేదు. అది యాజమాన్యములోనే పుట్టుచున్నది. గనిని ఇట్లే నడుపవలెనని మేము అనుట లేదు. కాని ఫలములోను నిర్ణయములోను భాగమున్న మనిషి కావలివాడు లేకున్నను పనిచేయునని ముల్కనూరు నిరూపించినది.

ఇంతకు, మనిషి కూలికొరకు పనిచేయును. కూలికొరకు మాత్రమే పనిచేయడు. ఈ సిద్ధాంతములన్నియు ఈ వాక్యముయొక్క వ్యాఖ్యానములే. నలుగురిపై అధికారము గలవారు అప్పుడప్పుడు తమ్ము తాము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. క్రిందివాడు చెడువార్తను నిర్భయముగా నా వద్దకు తేగలడా? కలిసి చేయవలసిన పనికి నేను వారిని కలిపి ఉంచితినా, విడదీసితినా? లాభము వచ్చినప్పుడు అందులో వారి వాటా ఏది? ఈ మూడింటికి నిజమైన సమాధానములు దొరికిన చోట యంత్రము కొంత పాతదైనను పని సాగును. దొరకని చోట ఎంత కొత్త యంత్రమును దింపినను, షిఫ్టు సైరను మ్రోగిన పిమ్మట ఆ గేటు ఎదుట మనుష్యులు లోపలికి పోక నిలిచియే ఉందురు.